కండక్టర్ గారి మూడో ఉత్తరం

“డబ్బాలో పడ్డాక ఆ ఉత్తరం నీది కాదు బాబూ, పైన ఎవరి పేరుంటే వాళ్ళది!” అంటారేంటి మేడమ్? అంతేనా? మొహం మీద తలుపేసినట్టు అలా అనేస్తే ఎలా?

రాసింది నేను. కవరు అంటించింది నేను. పొద్దున్న ఏడుంబావుకి మీ పోస్టాఫీసు గోడకి తగిలించిన డబ్బాలో ఈ చేత్తోనే వేశాను. వేసి నాలుగడుగులు వేశానో లేదో, కాళ్ళు ఆగిపోయాయి. అప్పట్నుంచీ మీ మెట్ల మీదే కూచున్నా. మీ ఊడ్చే ఆవిడ నా చుట్టూ ఊడ్చుకుంటూ పోయింది. నన్నూ చేటలోకి ఎత్తాలా వద్దా అని రెండుసార్లు చూసింది కూడా.

కవరు గుర్తా? మామూలు తెల్ల కవరే. స్టాంపు కాస్త వంకరగా ఉంటుంది. అదిగో! మీ ఎడం చేతి కింద, ఆ దొంతరలో పైనుంచి మూడోదో నాలుగోదో. చూశారా, చెయ్యి దాని మీదే పెట్టారు!

సరే, ఇవ్వకండి. ముద్ర కూడా వెయ్యకండి. ఒక్క పది నిమిషాలు ఆ ముద్రని పక్కన పెట్టి నేను చెప్పేది వినండి, చాలు. వెనక జనం ఎవరున్నారని? ఆ పెద్దాయన జిగురు సీసాతో కుస్తీ పడుతున్నాడు, మూత రావడానికే ఇంకో పావుగంట పడుతుంది.

ప్రేమలేఖా! భలేవారే. ఆమె వయసు యాభై ఎనిమిది. మా అమ్మకంటే పెద్దది.

నేను ఉత్తరాలు రాసి బతుకుతాను మేడమ్. నవ్వకండి, ఉన్నాయి అలాంటి ఉద్యోగాలు. మా మావయ్య పాత ఇళ్ళు కొంటాడు. కొని, పడగొట్టి, అంతస్తులు లేపుతాడు. కొన్న ఇళ్ళ తాళాలన్నీ ఒకే గుత్తిగా నడుముకి వేలాడేసుకుంటాడు. ఆయన వీధి మలుపులో ఉండగానే మాకు తెలిసిపోతుంది, మెడలో గంట కట్టిన ఎద్దు వస్తున్నట్టు. కాలేజీ మధ్యలో మానేసి నేను ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటుంటే, మా అమ్మ లాక్కెళ్ళి తమ్ముడి ముందు నిలబెట్టింది. “వీణ్ణి ఎక్కడో ఒక చోట కూచోబెట్టరా, ఇంట్లో గోడలు చూడలేక చస్తున్నాయి” అంది. కవర్లు అంటించే బల్ల ముందు కూచోబెట్టాడు.

మావయ్య దగ్గర ఒక జాబితా ఉంటుంది. గేటు ముందు గడ్డి మొలిచిన ఇళ్ళు, కరెంటు మీటరు నత్తలా తిరిగే ఇళ్ళు, మనిషి పోయాడని పేపర్లో ఫొటో పడ్డ ఇళ్ళు. ఆ ఓనర్లందరికీ ఉత్తరాలు వెళ్తాయి. ‘మీ ఇల్లు మేం కొంటాం’ అని. నేను చేరినప్పుడు అవి ఎలా ఉండేవంటే... “గౌరవనీయులైన ఆస్తి యజమాని గారికి, మీ స్థిరాస్తిని ఆకర్షణీయమైన ధరకు...”

“మావయ్యా, ఇది చదివితే కోర్టు నోటీసొచ్చిందని గడియ పెట్టుకుంటారు” అన్నా.

“అబ్బో! చదువు మధ్యలో వదిలేసిన మొనగాడివి, ఉత్తరం చివరిదాకా రాసి చూపించు మరి” అన్నాడు.

రాసి చూపించా.

అచ్చు అక్షరం ఉండకూడదు, నీలం పెన్నుతో చేత్తో రాయాలి. ‘ఆస్తి’ అనకూడదు, ‘ఇల్లు’ అనాలి. ‘కొంటాను’ అన్నమాట మూడో పేరా దాకా కనపడకూడదు. రెండో లైన్లో ఒక మాట రాసి కొట్టెయ్యాలి. అవునండీ, కావాలనే! కొట్టివేత కనపడితే చాలు, ఎవరో మనిషి కూచుని రాశాడనుకుంటారు. ఇంకోటి, ఆ ఇంటి గురించి ఒక్క నిజం ఉండాలి. ‘మీ గేటుకి ఎడం పక్క గొళ్ళెం ఊగుతోంది, ఎవరికన్నా చెయ్యి తెగుతుంది, చూసుకోండి’. అంతే. చదివినవాళ్ళు లేచి వెళ్ళి గొళ్ళెం చూస్తారు. చూశారంటే, సగం ఇల్లు మనదే.

మీరు అలా చూడకండి. మా మావయ్య కూడా మొదట్లో అలాగే చూశాడు. నెల తిరిగేసరికి ఎదురుగా కుర్చీ వేశాడు.

ఒక్కో ఇంటికి మూడు ఉత్తరాలు. మొదటిది పలకరింపు. రెండోది ‘ఏమండీ, అందిందా?’ అని గుర్తుచెయ్యడం. ఆ రెంటికీ కదలనివాళ్ళకి మూడోది. ఆ మూడోదే నా పాపం.

నాకు చదువు అబ్బలేదు గానీ చెవి అబ్బింది మేడమ్. ఎవరి మాట ఒకసారి విన్నా మళ్ళీ అదే ఒంపుతో అప్పజెప్పగలను. మీరు ‘బాబూ’ అన్నప్పుడు ‘బా’ దగ్గర ఆగి, ‘బూ’ని ముక్కుతో అన్నారు. కదా? అందుకని మూడో ఉత్తరం ముందు ఆ వీధిలో ఉన్న సెలూన్‌కి వెళ్ళేవాణ్ణి. గడ్డం గీయించుకుంటూ ఆ ఇంటి కథ వినేవాణ్ణి. వారంలో నాలుగు సెలూన్లలో గడ్డం గీయించుకున్న రోజులున్నాయి. నా గడ్డం సంగతి చూస్తున్నారుగా, ఉన్నవే పదకొండు వెంట్రుకలు! ఆ ఇంట్లో పోయినవాళ్ళు ఎవరు, వాళ్ళు ఏ మాట ఎలా అనేవాళ్ళు, అదంతా విని ఆ మాటతీరుని మూడో ఉత్తరంలో పెట్టేవాణ్ణి. ఉప్పు వేసినట్టు, చిటికెడే. చదివేవాళ్ళకి ఎందుకో తెలియదు, మనసు మాత్రం మెత్తబడుతుంది.

తప్పా? తప్పని తెలియదా నాకు? వినండి మరి.

ఆమె భర్త బస్సు కండక్టర్. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఒకటే రూట్లో తిరిగాడట. రెండేళ్ళయింది పోయి. పిల్లల్లేరు. రెండు గదుల ఇల్లు, వెనక చిన్న పెరడు. ఆ ఇల్లొక్కటీ వస్తే పక్క రెండూ కలిపి మా మావయ్య ఐదంతస్తులు లేపచ్చు. మొదటి ఉత్తరం, రెండో ఉత్తరం, రెంటికీ ఉలుకూ లేదు పలుకూ లేదు. సెలూన్‌కి వెళ్ళా.

ఆ సెలూన్ ఆయన నా మొహానికి నురగ పూసి, కత్తి గాల్లో ఆపి, కండక్టర్ గారిని దింపేశాడు. అచ్చం ఆయనే అట! ఇంట్లో కూడా బస్సులో ఉన్నట్టే మాట్లాడేవాడట. భార్య వంటగది గుమ్మంలో నిలబడితే “ముందుకి జరగమ్మా, వెనక జనం ఉన్నారు” అనేవాడట. వెనక ఎవరున్నారు, ఈగ తప్ప! చుట్టాలు వచ్చి కదలకపోతే “దిగేవాళ్ళు ముందు దిగండి” అని వాళ్ళ మొహానే అనేవాడట. ఆమెకి జ్వరమొస్తే పక్కన కూచుని, నుదురు మీద చెయ్యేసి, “వచ్చేసింది, వచ్చేసింది, ఇంకొక్క స్టాపు” అంటూనే ఉండేవాడట, తెల్లారేదాకా.

నవ్వీ నవ్వీ నురగ నోట్లోకి పోయింది నాకు. ఇంటికొచ్చి రాశా. చిటికెడు వేద్దామనే కూచున్నా మేడమ్, ఒట్టు. చెయ్యి ఆగలేదు.

“ఇల్లు నిన్ను మోసినంత దూరం మోసింది. ఇంక దాని ఇంజను వేడెక్కింది. దిగాల్సిన చోటొచ్చింది, మెల్లగా దిగు. తొందరేం లేదు. పూర్తిగా ఆగాకే దిగు.”

మొదటి రెండు ఉత్తరాల్లో ‘మీరు’ అన్నవాణ్ణి, దీంట్లో ‘నువ్వు’ అని రాశా. చూసుకున్నా. అయినా మార్చలేదు. ఎప్పుడూ కావాలని ఒక మాట కొట్టేసేవాణ్ణా, ఆ రోజు కొట్టెయ్యడానికి ఒక్క మాట దొరకలేదు. రాత కూడా మార్చా. ఒక్కో ఇంటికి ఒక్కో రాత అలవాటు. ఈయన ఊగే బస్సులో నిలబడి రాసేవాడు కదా అని, అక్షరాలన్నీ కుడి పక్కకి ఒరిగేలా రాశా. ఆయన రాత నేను చూడలేదు. ఊహించా, అంతే.

నాలుగో రోజు ఆమె ఆఫీసుకి వచ్చింది. సన్నటి మనిషి. భుజానికి తోలు సంచి, కండక్టర్లు వేసుకుంటారే, అదే. ఉత్తరం బల్ల మీద పెట్టి, “ఇది రాసినాయన్ని చూడాలి” అంది.

“ఆయన బయటికెళ్ళారమ్మా” అన్నాడు మావయ్య, నా వైపు చూడకుండా. నేను ఆ పక్కనే కవర్లు అంటిస్తున్నా. వేళ్ళకి సిరా.

ఆమె బేరం ఆడలేదు. కాగితాలు చదవలేదు. ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెట్టింది. లేచి వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, “ఆయన ఇంకేమన్నా అన్నాడా?” అని అడిగింది.

ఆమె వెళ్ళాక మావయ్య గుత్తి గలగలలాడేలా నవ్వాడు. “ఒరే అల్లుడూ, చచ్చినవాడి చేత కూడా సంతకం పెట్టిస్తావురా నువ్వు!” అన్నాడు. నేనూ నవ్వా. అదే నాకు ఇప్పటికీ... సరే, వదిలెయ్యండి.

పది రోజులకి ఆఫీసుకి ఒక కవరు. ‘ఉత్తరం రాసిన ఆయనకి’ అని పైన. లోపల రెండు లైన్లు. “దిగాను. ఇప్పుడున్నది మేడ మీద గది, మెట్లు పద్నాలుగు. నీ సంచి నా దగ్గరే ఉంది. ఇప్పుడు ఎక్కడ కూచోమంటావు?”

చింపేస్తే పోయేది కదా? మీరైనా అదే అంటారు. ఇల్లు వచ్చేసింది, పని అయిపోయింది. మావయ్యకి చూపిస్తే చెత్తబుట్టలో వేసేవాడే. చూపించలేదు. చొక్కా జేబులో పెట్టుకుని, బల్ల ముందు కూచుని, మిట్టమధ్యాహ్నం, ఒరిగిన అక్షరాలతో, “కిటికీ పక్కన కూచో, గాలొస్తుంది” అని రాసి పంపా.

అలా తొమ్మిది ఉత్తరాలు అక్కా. తొమ్మిది.

అక్కా అన్నానా? ఏమనుకోకండి. నోటికి వచ్చేసింది.

చెడే చేశానని అనుకోకండి. ఆమె వేళకి తినడం లేదని రాస్తే, “టైముకి బండి తీయకపోతే డిపోలో ఊరుకుంటారా?” అని రాశా. తినడం మొదలెట్టింది. గదిలోంచి బయటికి రావడం లేదని రాస్తే, “పోస్టుమాన్ పద్నాలుగు మెట్లు ఎక్కుతాడా? రోజూ నువ్వే పోస్టాఫీసుకి నడిచి రా, కాళ్ళు కదులుతాయి” అని రాశా. అప్పట్నుంచీ రోజూ పదింటికి... ఆఁ, మీకు వెలిగింది! ఆమే. ఆ తోలు సంచి ఆమే. ‘మాకేమన్నా వచ్చిందా అమ్మా’ అని మిమ్మల్నే కదా అడుగుతుంది. మీరు కవరు ఇస్తే ఇక్కడ విప్పదు. సంచిలో పెట్టుకుని, సంచి మీద చెయ్యి పెట్టుకుని వెళ్తుంది. రోడ్డుకి అవతల నిలబడి ఎన్నిసార్లు చూశానో.

బాగానే ఉంది కదా మరి అంటారా? బాగానే ఉందనుకున్నా, గొడుగు దాకా.

ఒకసారి వానలు పడుతున్నాయని, ఏదో ఒకటి రాయాలి కదా అని, “మెట్ల కింద దాచిన గొడుగు ఏం చేశావు? కాడ విరిగిందని పారేశావా?” అని రాశా. గాల్లోంచి రాసిందే అక్కా! ఎవరూ చెప్పలేదు. సెలూన్ ఆయన కూడా చెప్పలేదు, తర్వాత వెళ్ళి అడిగా. ఆమె జవాబు రాసింది. “పెళ్ళయిన ఏడాదే కాడ విరిగితే నేనే భయపడి దాచాను, నీకు తెలియదనుకున్నా. ఇన్నేళ్ళూ తెలిసే ఊరుకున్నావా?”

ఆ కాగితం చేతిలో పట్టుకుంటే నా వీపు మీద ఎవరో ఊపిరి వదిలినట్టయింది.

ఇంక అక్కణ్ణుంచి చెయ్యి నా మాట వినడం మానేసింది. మావయ్య కొత్త జాబితా ఇచ్చాడు. ఏ ఓనరుకి రాసినా ‘జరగండి’, ‘దిగండి’, ఇవే మాటలు. ఉత్తరాలన్నీ ఒకే వైపు ఒరిగి! “ఏంట్రా ఇది, అందరూ ఒకే బస్సెక్కారా?” అని తిట్టాడు మావయ్య. మొన్న మా అమ్మ వంటింట్లో దారికి అడ్డంగా ఉంటే, “ముందుకి జరగమ్మా, వెనక జనం ఉన్నారు” అన్నా. మా అమ్మ నవ్వలేదు. గరిటె పట్టుకునే నా వెనక్కి చూసింది. నిజంగా ఎవరన్నా ఉన్నారేమోనని.

ఏదీ, చేతిరాత చూపించమంటారా? ఉత్తరం మీద రాతతో కలిస్తే అప్పుడు ఆలోచిస్తానంటారా? చూపిస్తా, అదెంత పని. ఆ ఫారం ఇటివ్వండి, వెనక వైపు రాస్తా. ఏం రాయను? అడ్రసే రాస్తా.

...

చూశారా.

కలవడం లేదు. నాకూ కనిపిస్తోంది అక్కా, మీరు చెప్పక్కర్లేదు. కవరు మీదున్నది నా రాతే. చిన్నప్పట్నుంచీ ఉన్న కోడిగెలుకుడు రాత. నిన్న అంతా కూచుని, కాగితాల మీద కాగితాలు చింపి, ఒక్క ఉత్తరం కోసం ఆ రాతని వెనక్కి తెచ్చుకున్నా. ఇప్పుడు రాసిన ఈ ఒరిగిన రాత... ఇదీ నేనే రాశాను కదా? మీ కళ్ళెదురుగానే రాశాను కదా?

మీరు ఆ కవరుని దగ్గరికి లాక్కోకండి. చెప్తా. దాంట్లో ఏముందో చెప్తా.

సోమవారం ఆమె దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. నాకు నోటికొచ్చేసింది. “నువ్వు చెప్పినట్టే దిగాను. చెప్పినట్టే తింటున్నా, నడుస్తున్నా. ఇంక చాల్లే. నీ పక్క సీటు ఉంచావా? ఉంచానని ఒక్క మాట రాయి. శుక్రవారానికల్లా సర్దుకుని వచ్చేస్తా.”

ఇవాళ గురువారం.

మంగళవారమే ఆమె గదికి వెళ్ళాను! వెళ్ళకుండా ఉంటానా? ముందు కింద వాటాలో ఉండే ఓనరమ్మని అడిగా, పైన ఆవిడ ఎలా ఉన్నారండీ అని. “హుషారుగా ఉంది బాబూ, ఇంత హుషారు నేనెప్పుడూ చూళ్ళేదు. గిన్నెలన్నీ తోమి అందరికీ పంచేస్తోంది. నాకు ఈ డబ్బా ఇచ్చింది చూడు” అంది, సంబరంగా. కాస్త పైకెళ్ళి చూస్తూ ఉండండి అని కాళ్ళావేళ్ళా పడ్డా. “నువ్వెవరు?” అంది. ఏం చెప్పను?

పద్నాలుగు మెట్లూ ఎక్కా. తలుపు తీసింది. గోడలు బోసి. కిటికీ పక్కన కుర్చీ. ‘నేనేనండీ, ఆ ఉత్తరాలు రాసింది నేనే’ అని చెప్పాలి. నోరు తెరిచా. “అడ్రసు తప్పు వచ్చానండీ” అన్నా.

“పర్లేదు నాయనా, ఎండన పడి వచ్చావు, మంచినీళ్ళు తాగి వెళ్ళు” అంది. తాగా. గ్లాసు తీసుకుంటూ, “వేలికి సిరా అంటింది, కడుక్కో” అంది. ఆమె మొహంలో ఎంత వెలుగో అక్కా. ప్రయాణానికి టిక్కెట్టు దొరికినవాళ్ళ మొహం.

అందుకని నిన్న రాశా. మీ చేతికింద ఉన్నది అదే. “అమ్మా, నేను మీ ఆయన్ని కాదు. మీ ఇల్లు కొనడానికి ఆయన మాటని దొంగిలించినవాణ్ణి. మీ ఆయన మీతో ఏమీ చెప్పలేదు, రమ్మనలేదు.” అంతే ఉంది. పొద్దున్న డబ్బాలో వేసి నాలుగడుగులు వేశాక, తట్టింది. ఇది చదివితే ఆమెకి ఇల్లు పోయింది. మొగుడు రెండోసారి పోయాడు. గొడుగు కూడా పోయింది. ఇంక శుక్రవారం దాకా ఎందుకాగుతుంది?

అందుకే మీ మెట్ల మీద కూచుని ఇంకోటి రాశా. ఇదిగో, జేబులో. ఈ ఒరిగిన రాతలోనే. “సీటు లేదు. బండి కిక్కిరిసింది. నువ్వు అక్కడే ఉండు, నీ బండికి ఇంకా చాలా టైముంది. మెట్ల మీద మాత్రం నిలబడకు.” ఇది చదివితే శుక్రవారం గడుస్తుంది. శనివారం? మళ్ళీ రాయాలి. ఆదివారం? ఆమె ఉన్నన్నాళ్ళూ ఆయన ఉండాలి. ఆయన ఉన్నన్నాళ్ళూ మరి నేనెక్కడ ఉండాలి?

చెబుతా, అది కూడా చెప్పేస్తా. ఆమె బాగు కోసమే వచ్చానని అనుకుంటున్నారు కదా? పొద్దున్నుంచీ నేనూ అదే అనుకుంటూ కూచున్నా. కాదక్కా. నేను రాసిన పరీక్షలకి సున్నాలు వచ్చాయి. నేను రాసిన ఉత్తరాలకి ఇళ్ళు వచ్చాయి. నేను రాసినదానికి ‘నువ్వెలా ఉన్నావు’ అని జవాబు రాసింది ఈ భూమ్మీద ఆమె ఒక్కతే. ఆ కవరు చేరితే నాకు ఇంక ఉత్తరం రాదు. అదీ సంగతి. ఆమె బతుకు మధ్యలో నిలబడి నేను ఆలోచించింది అదీ.

ఉమ్మెయ్యాలనిపిస్తోందా? ఉమ్మండి, పర్లేదు.

ఆగండి. అటు చూడకండి. గుమ్మంలో చెప్పులు విడుస్తున్నది ఆమే. ఇంకా పది కాలేదు, ఇవాళ ముందే వచ్చేసింది. సంచి భుజాన లేదు, ఖాళీ చేతులతో వచ్చింది. ఇటే వస్తోంది.

ఒకటి మీ చేతికింద ఉంది, ఒకటి ఇదిగో, కౌంటర్ మీద పెడుతున్నా. నేను పక్కకి జరుగుతా. ‘మాకేమన్నా వచ్చిందా అమ్మా’ అని మిమ్మల్నే అడుగుతుంది. చెప్పండి అక్కా, ఏది ఇస్తారు?